విధి నిర్వహణలో కన్నుమూసిన పల్లె పోలీసు – సార్జెంట్ మైకేల్ కెన్నడీ

ఏటా అక్టోబరు 21వ తేదీన మన జిల్లా కేంద్రాల్లోని పోలీసు పరేడ్ మైదానాల్లో తుపాకులు తలకిందులు చేసి, ఆ ఏడాది విధి నిర్వహణలో ప్రాణాలు విడిచిన జవాన్ల పేర్లు ఒక్కొక్కటిగా చదువుతారు. 1959లో అదే రోజున లడఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో మన పోలీసు జవాన్లు పది మంది నేలకొరిగారు. ఆ రోజు జ్ఞాపకార్థమే ఈ ఆచారం ఏర్పడింది. మన సంఘ సభ్యుల కుటుంబాల్లో కూడా తాతో, ముత్తాతో పోలీసు శాఖలో చేసినవాళ్ళు కొద్దిమంది కాదు. నిజాం ఇలాకాలో అమీనుగానో, జమేదారుగానో చేసినవారున్నారు. సర్కారు జిల్లాల్లో హెడ్ కానిస్టేబులుగా బెల్టు కట్టినవారున్నారు. అయితే వారిని గురించి మన పిల్లలను అడిగి చూడండి. పోలీసులో చేసేవారట అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. అదే ఆ చుట్టుపక్కల తిరిగిన గజదొంగను గురించి అడిగితే గంటసేపు కథ చెబుతారు!

ఈ తేడా మన దేశానికే పరిమితం కాదని చూపడానికి ఈ సంచికలో ఒక దూరదేశపు పోలీసు జీవితాన్ని సభ్యుల ముందుంచుతున్నాము. ఆయన పేరు మైకేల్ కెన్నడీ. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఒక చిన్న పట్నానికి పోలీసు సార్జెంటు. 1878 అక్టోబరు 26న, అంటే మన సంస్మరణ దినానికి సరిగ్గా అయిదు రోజుల తర్వాతి తేదీన, అడవిలో హతులయ్యారు. చంపినవాడు నెడ్ కెల్లీ. అతని పేరు తెలియని ఆస్ట్రేలియా బడిపిల్లవాడు ఉండడు. ఆయన పేరు మాత్రం చాలాకాలం ఒక సమాధి రాతి మీద, ఒక కుటుంబం గుండెల్లో మాత్రమే మిగిలింది.

కెన్నడీ 1842 ప్రాంతంలో ఐర్లండులోని వెస్ట్‌మీత్ జిల్లాలో జన్మించారు. ఆయన పసివాడుగా ఉన్నప్పుడే అక్కడ బంగాళాదుంప పంట కుళ్ళిపోయి మహా కరువు వచ్చింది. లక్షలమంది చచ్చిపోయారు, ఇంకా లక్షలమంది ఓడలెక్కి దేశాలు పట్టిపోయారు. అలా సముద్రం దాటిన వేలాదిమంది యువకుల్లో కెన్నడీ ఒకరు. 1851లో విక్టోరియాలో బంగారం దొరికింది మొదలు జనం అక్కడికి చీమల బారులా వచ్చి చేరుతున్నారు. జనంతోపాటు తగాదాలు, దొంగతనాలు కూడా వచ్చాయి. 1853లో అక్కడి ప్రభుత్వం చిల్లర పోలీసు దళాలన్నిటినీ కలిపి ఒకే శాఖ చేసింది. అందులో చేరినవారిలో అధిక భాగం ఐర్లండులో పుట్టినవారే. 1860ల్లో కెన్నడీ కూడా చేరారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఐర్లండులో ఇంగ్లీషు ప్రభుత్వం పెట్టిన సాయుధ పోలీసు పద్ధతినే చూసి 1843 తర్వాత సింధులో నేపియరు దొర పోలీసు ఏర్పాటు చేశాడు. దాని ఛాయలే 1861 నాటి మన పోలీసు చట్టంలోకి దిగాయి. కాబట్టి కెన్నడీ పనిచేసిన ఠాణాకూ, మన తాతలు పనిచేసిన ఠాణాకూ మూలం ఒకటే అనుకోవచ్చు.

ఆయన ఠాణా మాన్స్‌ఫీల్డు. మెల్‌బోర్ను నగరానికి ఈశాన్యంగా సుమారు నూట పది మైళ్ళ దూరంలో, కొండల పాదాల దగ్గర ఉన్న పట్నం. సార్జెంటు అనగానే మనం కుర్చీలో కూర్చుని కేసులు రాసుకునే ఉద్యోగి అనుకోరాదు. అక్కడి పల్లె పోలీసుకు గుర్రమే కచేరీ. దొంగల్ని పట్టడం, సమన్లు ఇవ్వడం ఒక్కటే పని కాదు. ఎవరి పొలంలో ఎంత గోధుమ పండింది, ఎన్ని గొర్రెలున్నాయి అని లెక్కలు రాసేది ఆయన శాఖే. సర్కారు భూమి ఎవడు ఆక్రమించాడో చూసేదీ, అడవిలో తప్పిపోయినవారిని వెతికేదీ వారే. మన వైపు పట్వారీ, పోలీసు పటేలు, ఫారెస్టు గార్డు ముగ్గురూ చేసే పని ఒక్క గుర్రపు జవాను మీద పడేదన్నమాట. అందువల్ల అడవిదారులన్నీ తెలిసి ఉండాలి. ఆ విషయంలో కెన్నడీ గట్టివాడు. మాన్స్‌ఫీల్డులోనే బ్రిజెట్ అనే ఇల్లాలితో, పిల్లలతో కాపురం ఉండేవారు. ఒక బిడ్డ పోగా అయిదుగురు మిగిలారు.

కెల్లీ కుటుంబం సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. చెప్పకపోతే కథ ఒక కాలితో నడిచినట్టు అవుతుంది. నెడ్ తండ్రి కూడా ఐర్లండువాడే. టిప్పరరీ జిల్లాలో రెండు పందుల్ని దొంగిలించాడన్న నేరానికి అతన్ని ఖైదీగా ఓడెక్కించి ఆస్ట్రేలియాకు పంపారు. శిక్ష తీరాక విక్టోరియాలో కాపురం పెట్టి, నెడ్ చిన్నతనంలోనే చనిపోయాడు. తల్లి ఎలెన్ పిల్లల్ని వెంటబెట్టుకుని ఎనభై ఎనిమిది ఎకరాల చెలక తీసుకుంది. ఆ రోజుల్లో పెద్ద పెద్ద గొర్రెల దొరలు వేలాది ఎకరాలు ఆక్రమించుకుని ఉండేవారు. 1860 తర్వాత వచ్చిన భూమి చట్టాల ప్రకారం చిన్న రైతు కూడా కొంత ముక్క తీసుకుని, కిస్తీలు కట్టి, సాగు చేసి సొంతం చేసుకోవచ్చు. కాగితం మీద బాగానే ఉంది! మంచి భూమి, నీటి వసతి దొరల చేతిలో, రాళ్ళ భూమి పేదల చేతిలో. దాంతో కొందరు గుర్రాలు, పశువులు తోలుకుపోయి అమ్ముకోవడం మరిగారు. నెడ్ అందులో ఆరితేరాడు.

1878 ఏప్రిల్ 15న ఒక కానిస్టేబులు నెడ్ తమ్ముడు డాన్‌ను అరెస్టు చేయడానికి ఒంటరిగా ఆ ఇంటికి వెళ్ళి, చేతికి గాయంతో బయటపడ్డాడు. ఆ ఇంట్లో ఏం జరిగిందో నేటికీ ఇదమిత్థంగా తేలలేదు. ఆ కానిస్టేబులు నడత మంచిది కాదని రెండేళ్ళ తర్వాత శాఖవారే అతన్ని తీసివేశారు. అయినా అతని వాఙ్మూలం మీదే ఎలెన్‌కు, చంకలో పసిబిడ్డ ఉండగా, మూడేళ్ళ కఠిన శిక్ష పడింది. నెడ్, డాన్ కొండల్లోకి పారిపోయారు. ఈ శిక్ష అన్యాయమని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. మేమూ కాదనము. కానీ ఆ ఇంటికి వెళ్ళింది కెన్నడీ కాదు, సాక్ష్యం చెప్పింది ఆయన కాదు, శిక్ష వేసింది అసలే కాదు. పైవారు వారంటు ఇచ్చి, కొండల్లో ఉన్న ముద్దాయిలను పట్టుకురమ్మన్నారు. ఆయన బయల్దేరారు.

అక్టోబరు 25, శుక్రవారం తెల్లవారుజామున నలుగురు మాన్స్‌ఫీల్డు నుంచి కదిలారు. కెన్నడీ, ఆ ఠాణాకే చెందిన కానిస్టేబులు మెకింటైర్, వేరే ఠాణాల నుంచి తెప్పించిన కానిస్టేబుళ్ళు లోనిగన్, స్కాన్లన్. నలుగురూ ఐర్లండులో పుట్టినవారే. చేతికి ఒక్కొక్క రివాల్వరు ఉంది. అది కాక నలుగురికీ కలిపి రెండే తుపాకులు. ఒకటి బంగారం రవాణా చేసే దళం దగ్గర నుంచి బదులు తెచ్చిన స్పెన్సర్ రైఫిలు. రెండోది ఊళ్ళో చర్చి పాదిరీ గారిని అడిగి తెచ్చిన పిట్టల తుపాకి. ప్రాణాలకు తెగించినవాళ్ళ మీదికి సర్కారు తన మనుషులను ఈ సరంజామాతో పంపింది!

ఇరవై మైళ్ళ పైచిలుకు నడిచి స్ట్రింగీబార్క్ అనే వాగు దగ్గర గుడారం వేశారు. స్ట్రింగీబార్క్ అంటే నారలాగా బెరడు ఊడే ఒక జాతి యూకలిప్టస్ చెట్టు. దట్టమైన అడవి, మధ్యలో కాస్త ఖాళీ జాగా. కెల్లీ సోదరుల స్థావరం అక్కడికి మైలు రెండు మైళ్ళ లోపే ఉందని వారికి తెలియదు.

మర్నాడు శనివారం. పొద్దున్నే కెన్నడీ, స్కాన్లన్ గుర్రాలెక్కి గాలింపుకు వెళ్ళారు. గుడారం దగ్గర మెకింటైర్, లోనిగన్ ఉన్నారు. మెకింటైర్ రొట్టె కాల్చాడు. కూరకు పనికొస్తాయని పాదిరీ గారి తుపాకితో చిలకలను కొట్టాడు. ఆ చప్పుడే కొంప ముంచింది. సాయంత్రం అయిదు గంటలవేళ మంట దగ్గర టీ కాచుకుంటూ ఉండగా పొదల్లోంచి నలుగురు తుపాకులు గురిపెట్టి చేతులెత్తమన్నారు. నెడ్, అతని తమ్ముడు డాన్, స్నేహితులు జో బర్న్, స్టీవ్ హార్ట్. మెకింటైర్ చేతిలో ఆయుధం లేదు, చేతులెత్తాడు. లోనిగన్ చెట్టు చాటుకు పరుగెత్తబోయాడు. నెడ్ కాల్చిన దెబ్బకు అక్కడికక్కడే పోయాడు. నలుగురు బిడ్డల తండ్రి.

తర్వాత వాళ్ళు మాటు వేసి కూర్చున్నారు. చెప్పినట్టు లొంగితే మిగతావారిని చంపనని నెడ్ మెకింటైర్‌తో అన్నాడట. సుమారు గంటకు కెన్నడీ, స్కాన్లన్ తిరిగొచ్చారు. మెకింటైర్ ఎదురు వెళ్ళి, చుట్టుముట్టారు, లొంగిపోండి అని చెప్పాడు. కెన్నడీ అది హాస్యమనుకున్నారు! నవ్వుతూ రివాల్వరు మీద చెయ్యి వేశారు. అంతలోనే తూటాలు లేచాయి. రైఫిలు అందుకోబోతూ స్కాన్లన్ పడిపోయాడు. కెన్నడీ గుర్రం అవతలి వైపుకు దూకి దాని మాటున నిలిచారు. ఆ గుర్రం బెదిరి మెకింటైర్ దగ్గరికి రాగా, అతను దాని మీద పడి అడవిలోకి దూసుకుపోయాడు.

ఇక్కడి నుంచి కెన్నడీ ఒంటరి.

ఆయన లొంగలేదు, పరుగూ తీయలేదు. ఒక చెట్టు చాటు నుంచి ఇంకో చెట్టు చాటుకు వెనక్కి జరుగుతూ కాల్పులు జరిపారు. దాదాపు అర మైలు దూరం అలా పోరాడారు. అవతల నలుగురు. చివరికి చంక కింద గాయమై, రివాల్వరు జారిపోయింది. ఆయన ఇటు తిరగ్గానే నెడ్ మళ్ళీ కాల్చాడు. లొంగిపోవడానికి తిరిగాడనీ, చేతిలో ఆయుధం లేదనీ తనకు తెలియలేదని తర్వాత చెప్పుకున్నాడు. ఇంకా ప్రాణం పోలేదు. అడవిలో బాధపడుతూ విడిచిపోవడం ఇష్టంలేక గుండెల్లో ఆఖరి గుండు పేల్చానని కూడా చెప్పుకున్నాడు. గుడారం నుంచి ఒక అంగీ తెచ్చి కప్పాడట. పోతూ పోతూ ఆయన బంగారు గడియారం తీసుకుపోయాడు.

సభ్యులు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. ఈ ఆఖరి ఘట్టాన్ని మేము ఎలా చెప్పగలిగాము? చూసినవాళ్ళెవరు? స్కాన్లన్ చనిపోయాడు. మెకింటైర్ వెళ్ళిపోయాడు. మిగిలింది హంతకులే. కెన్నడీ చివరి ఘడియల గురించి లోకానికి తెలిసిందంతా ఆయనను చంపినవాడు చెప్పుకున్నదే. 1879లో నెడ్ జెరిల్డెరీ అనే ఊళ్ళో ఇచ్చిన పొడుగాటి ఉత్తరంలో ఆ వైనమంతా ఉంది. అందులో తన తప్పు తక్కువ చేసి చెప్పుకోవడం సహజమే కదా. దయతో చంపానన్న మాటను ఎంతమంది రచయితలు ఎన్నిసార్లు తిరగరాశారో లెక్కలేదు. ఆ మాటకు సాక్షి లేడు. కెన్నడీ ధైర్యవంతుడని మాత్రం శత్రువే ఒప్పుకున్నాడు. అది అతనికి అక్కరకొచ్చే అబద్ధం కాదు గనుక దాన్ని మేము నమ్ముతాము.

మెకింటైర్ ఎక్కిన గుర్రం కొంత దూరం వెళ్ళి కూలబడింది. రాత్రయింది. వాంబాట్ అని అక్కడ బొరియలు తవ్వుకునే ఒక జంతువు ఉంటుంది, చిన్న పంది అంత. దాని బొరియలో దూరి దాక్కుని, తర్వాత కాలినడకన పడుతూ లేస్తూ ఆదివారం మధ్యాహ్నానికి మాన్స్‌ఫీల్డు చేరాడు. ఆ రాత్రే ఊరివాళ్ళను తోడు తీసుకుని పోలీసులు బయల్దేరారు. సోమవారం లోనిగన్, స్కాన్లన్ శవాలు దొరికాయి. కెన్నడీ జాడ లేదు. పట్టుకుపోయారేమో, బతికే ఉన్నారేమో అని ఊరు ఆశపడింది. బ్రిజెట్ సంగతి చెప్పనక్కరలేదు. సోమవారం, మంగళవారం, బుధవారం. గురువారం, అక్టోబరు 31న, కప్పిన అంగీ కింద ఆయన దొరికారు. వయసు ముప్పై ఆరు.

తర్వాత కథ అందరికీ తెలిసిందే గనుక త్వరగా చెబుతాము. ప్రభుత్వం ఆ నలుగురినీ ఎవరైనా సరే కాల్చిపారేయవచ్చని ప్రత్యేక చట్టం చేసింది. వాళ్ళు రెండు బ్యాంకులు కొట్టారు. తలల వెల పెరిగి పెరిగి మొత్తం ఎనిమిది వేల పౌన్లయింది. 1880 జూన్ చివర గ్లెన్‌రోవన్ దగ్గర నాగలి కర్రుల ఇనుముతో చేసిన కవచాలు తొడుక్కుని పోలీసులతో తలపడ్డారు. ముగ్గురు చనిపోగా నెడ్ గాయాలతో పట్టుబడ్డాడు. 1880 నవంబరు 11న మెల్‌బోర్ను జైల్లో ఉరి తీశారు. శిక్ష వేసిన జడ్జి రెడ్మండ్ బారీ, ఎలెన్‌కు శిక్ష వేసిన ఆయనే. ఆ తర్వాత పన్నెండు రోజులకే ఆయనా చనిపోయాడు.

కానీ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. నెడ్‌కు ఉరిశిక్ష పడింది లోనిగన్‌ను చంపినందుకు. అది ఏకైక సాక్షి మెకింటైర్ కళ్ళారా చూసిన హత్య. కెన్నడీ హత్య మీద ఏ కోర్టులోనూ విచారణ జరగనే లేదు. ఆయన బిడ్డలకు తండ్రి ఎలా పోయాడో ప్రమాణం చేసి చెప్పినవారు ఒక్కరూ లేరు.

మెకింటైర్ బతుకు కూడా సుఖపడలేదు. సార్జెంటును వదిలేసి పారిపోయాడన్న నింద వెంటాడింది. ఆయుధం లేనివాడు అక్కడ నిలబడి చేసేదేముంది? అతను పోయి చెప్పకపోతే ఆ మూడు శవాలూ ఎప్పటికి దొరికేవి? ముసలితనంలో తన అనుభవాలన్నీ రాసిపెట్టుకుని 1918లో చనిపోయాడు. బతికుండగా అది అచ్చు కాలేదు.

ఇక నెడ్ కెల్లీ పేరు చూడండి! 1906లో అతని కథను గంటకు పైగా నడిచే సినిమాగా తీశారు. ప్రపంచంలోనే అంత నిడివి గల మొదటి కథాచిత్రం అదని చెబుతారు. 1946, 47లలో సిడ్నీ నోలన్ అనే ప్రఖ్యాత చిత్రకారుడు నల్లని చతురస్రపు కవచంతో అతన్ని బొమ్మల వరుసగా గీశాడు. వాటిలో ఒక బొమ్మలో మాత్రం సార్జెంట్ కెన్నడీ కనబడతారు, అదీ చచ్చిపోతూ. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో సైతం కెల్లీ కవచాలు తొడుక్కున్న వేషధారులు ఆడారు. 2001లో అతని మీద రాసిన నవలకు బుకర్ బహుమతి వచ్చింది. పేదవాడి కోపానికి అతను గుర్తు అయ్యాడు. ఆ కోపం అబద్ధమని మేము అనడం లేదు. కాకపోతే కరువు తరిమితే సముద్రం దాటి, నెలజీతం మీద అయిదుగురు బిడ్డల్ని సాకుకునే కెన్నడీ ఏ దొర పక్షం? ఆయనా పేదవాడే కదా.

పోలీసులు మఫ్టీలో, రైఫిలుతో చంపడానికే వచ్చారని అతని అభిమానులు వాదిస్తారు. చంపడానికి వచ్చినవాళ్ళు దళంలో సగం మందిని రొట్టె కాల్చడానికి వదిలివెళ్ళి, చిలకలను కొట్టి అడవంతా వినబడేలా చప్పుడు చేస్తారా అని మాత్రం మేము అడుగుతాము.

మాన్స్‌ఫీల్డు జనం మరచిపోలేదు. చందాలు వేసుకుని 1880లో పట్నం నడిబొడ్డున ముగ్గురి పేర్లతో స్మారక స్తంభం కట్టించారు. అది నేటికీ నాలుగు దారుల మధ్య నిలబడే ఉంది. ముగ్గురి సమాధులూ ఆ ఊరి శ్మశానంలోనే ఉన్నాయి. వాగు దగ్గర మాత్రం సంగతి వేరు. అక్కడ చూడవచ్చే జనానికి చాలాకాలం గుర్తుగా ఉన్నది ఒక చెట్టు. దానిని అందరూ కెల్లీ చెట్టు అనేవారు. చచ్చినవారు ముగ్గురు పోలీసులు, చెట్టుకు పేరు చంపినవాడిది!

హతుల మునిమనవలు, మునిమనవరాళ్ళు దీన్ని సహించలేకపోయారు. కెన్నడీ మునిమనవడొకరు తమ ఇంట్లో తరాలుగా చెప్పుకున్న సంగతులు పోగుచేసి 2018లో పుస్తకంగా తెచ్చారు. అదే ఏడాది, నూట నలభై ఏళ్ళ సందర్భంగా, కుటుంబాలవారి కోరిక మీద స్ట్రింగీబార్క్ వాగు దగ్గర ఆ ముగ్గురికీ కొత్త స్మారకం వెలిసింది. విక్టోరియా పోలీసు శాఖవారు, హతుల వంశీకులు ఆ అడవిలో కలిసి నిలబడి నివాళి అర్పించారు.

ఆ బంగారు గడియారం సంగతి చెప్పడం మరిచాము. చాలా ఏళ్ళ తర్వాత అది కెన్నడీ ఇంటికే తిరిగి చేరింది.